‘వ్యక్తి’లో ఆమె ఉందా?

తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేసి, నాలుగేళ్ళు గెస్ట్ లెక్చరర్‌గా పనిచేసి, ముప్పై నాలుగో ఏట మెల్బోర్న్‌లో ఒక విశ్వవిద్యాలయంలో లా చదవడానికి చేరాను. ఇక్కడ దీన్ని జె.డి. అంటారు. ఏ శాఖలో డిగ్రీ ఉన్నవాళ్ళయినా, దాని మీద మామూలుగా మూడేళ్ళపాటు చదివే పోస్టుగ్రాడ్యుయేట్ లా డిగ్రీ ఇది. “ఈ వయసులో మళ్ళీ మొదటి సంవత్సరమా?” అని అక్కడా ఇక్కడా అడిగినవాళ్ళున్నారు. మా అత్తగారు మాత్రం “చదువు. కాగితంలో ఏముందో మనింట్లో ఒక్కళ్ళకైనా తెలియాలి” అన్నారు. ఆవిడ ఏ కాగితం గురించి అంటున్నారో అప్పుడు నాకు తెలియదు.

మొదటి సెమిస్టర్‌లో చట్టాన్ని ఎలా చదవాలో నేర్పే కోర్సు ఒకటుంటుంది. కావ్యాలూ కథలూ చదివి, వాటిమీద మూడొందల పేజీలు రాసి వచ్చినదాన్ని కదా, చదవడం నాకొకరు నేర్పేదేమిటన్న చిన్న గర్వం ఉండేది. రెండో వారంలో ఒక పాత తీర్పు చదివాక ఆ గర్వం పోయింది. 1904లో పశ్చిమ ఆస్ట్రేలియా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. ఈడిత్ హేన్స్ అనే యువతి 1900లో లాయరైన తన తండ్రి దగ్గరే ఆర్టికల్డ్ క్లర్కుగా చేరింది. చేరేటప్పుడే అక్కడి బారిస్టర్ల బోర్డు హెచ్చరించింది, రేపు నిన్ను కోర్టు లాయరుగా చేర్చుకుంటుందని మేం హామీ ఇవ్వలేమని. అయినా పనిచేసింది. 1904లో ఇంటర్మీడియట్ పరీక్షకు కూర్చుంటానంటే బోర్డు ఒప్పుకోలేదు. ఆమె కోర్టుకెళ్ళింది.

1893 నాటి చట్టం లాయర్ల అర్హతలు చెబుతూ వాడిన మాట ‘పర్సన్’. ఫలానా అర్హతలున్న ఏ వ్యక్తి అయినా లాయరు కావచ్చునని దాని సారాంశం. ఈడిత్ అడిగింది చాలా మామూలు ప్రశ్న: నేను వ్యక్తిని కానా? న్యాయమూర్తులు ముగ్గురూ కాదనే తేల్చారు. ఇంగ్లండు కామన్ లా స్త్రీని లాయరుగా ఏనాడూ ఎరగదు. ఆ ఆచారాన్ని మార్చాలని శాసనసభ అనుకుంటే స్త్రీలని విడిగా చెప్పి ఉండేది. చెప్పలేదు కాబట్టి ‘వ్యక్తి’ అన్న మాటలో స్త్రీ లేదు. ఇదీ వాదన. తమాషా ఏమిటంటే ఆ రాష్ట్రంలో స్త్రీలకు 1899లోనే ఓటు హక్కు వచ్చింది. శాసనసభ్యులను ఎన్నుకునే అర్హత ఉన్నది, ఆ సభ్యులు చేసిన చట్టంలోని ఒక చిన్న మాటలో ఇమడలేకపోయింది.

క్లాసులో ఈ తీర్పు మీద చర్చ జరుగుతుంటే నాకు చిన్నయసూరి బాలవ్యాకరణం గుర్తొచ్చింది. తెలుగు ఎమ్.ఎ. చదివిన వాళ్ళందరికీ తెలిసిందే. మగవాళ్ళను చెప్పే మాటలు మహత్తులు. స్త్రీలను చెప్పేవి మహతీ వాచకాలు. మిగిలినవి అమహత్తులు. పేరు ‘మహతి’ అని గొప్పగానే పెట్టారు గాని, ఏకవచనంలో క్రియ దగ్గరకొచ్చేసరికి ఆమె అమహత్తుతో కలిసిపోతుంది. అతను వచ్చాడు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. వాన వచ్చింది. బహువచనంలోనే స్త్రీకి మగవాళ్ళ పక్కన చోటు దొరుకుతుంది: వాళ్ళు వచ్చారు. ఒక్కతే ఉన్న స్త్రీని గౌరవించాలన్నా ఆమెను బహువచనం చెయ్యాల్సిందే, ‘ఆవిడ వచ్చారు’ అని. ఇన్నేళ్ళు ఈ పాఠం చెప్పినదాన్ని, విద్యార్థినులు ముసిముసిగా నవ్వితే “వ్యాకరణానికి లింగవివక్ష ఏముందమ్మా, అది రూపాల విషయం” అని సర్దిచెప్పినదాన్ని. పెర్త్ న్యాయమూర్తులు కూడా సరిగ్గా అలాగే అన్నారు. మాకు స్త్రీల మీద ద్వేషం లేదు, ఇది కేవలం అన్వయం విషయం అని. మాటల అన్వయం ఎంత అమాయకంగా కనిపిస్తుందో, అది ఎవరి బతుకు మీద వాలుతుందో ఆ రోజు క్లాసులో కూర్చుని నాకు తెలిసింది.

ఆ తర్వాత సెలవుల్లో పని కట్టుకుని ఈ తొలితరం స్త్రీల గురించి చదివాను. నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది ఏడా ఇవాన్స్ కథ.

ఏడా 1872లో ఇంగ్లండులో పుట్టింది. పదకొండేళ్ళప్పుడు కుటుంబం సిడ్నీకి వలస వచ్చింది. సిడ్నీ విశ్వవిద్యాలయం 1881 నుంచి స్త్రీలను చేర్చుకుంటోంది. ఏడా అక్కడే 1895లో బి.ఎ. పూర్తి చేసి, తల్లి ప్రోత్సాహంతో 1899లో లా స్కూల్లో చేరింది. చేరగలగడానికి కారణం చిన్నది: ఆ సమయంలో లా డీన్ పిట్ కాబెట్ ఊళ్ళో లేడు. తిరిగొచ్చి చూస్తే క్లాసులో ఒక ఆడమనిషి. కోపంతో గదిలో తలుపులు దడదడలాడించాడని చెబుతారు. ఆమెను పిలిపించి, లాయరుకి కావలసిన శరీర దారుఢ్యం నీకు లేదు, పోయి వైద్యం చదువుకోమన్నాడట. శరీర దారుఢ్యం తక్కువైనవాళ్ళు వైద్యం ఎలా చదవగలరో ఆయనకే తెలియాలి. ఏడా కదలలేదు. 1902లో ఎల్.ఎల్.బి. పట్టా తీసుకుంది. ఆస్ట్రేలియాలో లా డిగ్రీ పొందిన మొదటి స్త్రీ ఆమె.

పట్టా వచ్చింది గాని తలుపు తెరుచుకోలేదు. బార్‌లో చేరడానికి ముందు ‘స్టూడెంట్ ఎట్ లా’గా నమోదు కావాలి. న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు కుదరదంది. ఇంగ్లండులో ప్రయత్నిస్తే అక్కడా కాదన్నారు. స్త్రీలకు చోటిచ్చే చట్టం ఏదీ లేదు కాబట్టి మేమేం చెయ్యలేం అన్నారు. సరే, ఆ చట్టమే తెద్దామని ఆమె, ఆమెకు తోడుగా స్త్రీల సంఘాలు, ఏళ్ళ తరబడి ప్రభుత్వాల వెంటపడ్డాయి. 1918లో స్త్రీల చట్టబద్ధ హోదా చట్టం వచ్చింది. ఏడా వెంటనే నమోదై, నియమం ప్రకారం మరో రెండేళ్ళు గడిపి, 1921 మే 12న బార్‌లో ప్రవేశించింది. డిగ్రీకి, ప్రవేశానికి మధ్య పందొమ్మిదేళ్ళు. అప్పటికామెకు నలభై ఎనిమిదేళ్ళు.

తర్వాత జరిగింది చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. ఆమె దగ్గరకు కేసులు వచ్చాయి. తీసుకోలేదు. ఇంట్లో బాధ్యతలు, ఆరోగ్యం సరిగా లేకపోవడం కారణాలు. వాటితోపాటు ఇంకొకటి చెప్పింది: చదువుకీ పనికీ మధ్య ఇంత కాలం గడిచిపోయాక తాను సరిగ్గా వాదించలేకపోతే ఆ చెడ్డపేరు వెనక వచ్చే స్త్రీలందరి మీదా పడుతుందని. 1924లో సిబిల్ మారిసన్ ఆ రాష్ట్రంలో కోర్టులో వాదించే మొదటి మహిళా బారిస్టర్ అయింది. ఏడా 1947లో చనిపోయింది.

“ప్రాక్టీసు చెయ్యలేదు కదా, ఆమెది ప్రతీకాత్మక విజయమే” అని మా క్లాసులో ఒక అబ్బాయి అన్నాడు. వాడు మంచివాడే, ఇరవై రెండేళ్ళు. నాకు మాత్రం కోపమొచ్చింది. చేతగానితనం ఒక మగవాడిలో కనిపిస్తే అది అతనిది. ఒక స్త్రీలో కనిపిస్తే అది స్త్రీలది. ఈ లెక్క తెలిసిన మనిషి, తన జీవితమంతా పోరాడి సంపాదించుకున్న దాన్ని చేత్తో పట్టుకుని, వాడకుండా పక్కన పెట్టింది. దాన్ని త్యాగమని పొగడడం కూడా నాకిష్టం లేదు. ఆమె దగ్గర లాక్కున్న పందొమ్మిదేళ్ళకి అది ఖరీదు. పిల్లను కన్నాక మూడేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకెళ్ళి, “ఈ గ్యాప్ ఏమిటి?” అని అడిగించుకున్న వాళ్ళెవరికైనా ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

మెల్బోర్న్‌లో కథ కొంచెం వేరుగా నడిచింది. ఫ్లాస్ గ్రెగ్ స్కాట్లండులో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికొచ్చింది. అక్కచెల్లెళ్ళందరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరు డాక్టర్లు. 1897లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో లాలో చేరింది. ఆమె డిగ్రీ పుచ్చుకున్న 1903లోనే విక్టోరియా శాసనసభ స్త్రీలు లాయర్లు కావచ్చునని చట్టం చేసింది. జనం దాన్ని ‘ఫ్లాస్ గ్రెగ్ బిల్లు’ అనే పిలిచారు. 1905 ఆగస్టు 1న ఆమె ఆస్ట్రేలియాలో వృత్తిలో ప్రవేశించిన మొదటి స్త్రీ అయింది. అప్పటికి విక్టోరియా రాష్ట్ర ఎన్నికల్లో ఆమెకు ఓటు లేదు. అది 1908లో గాని రాలేదు. పశ్చిమాన ఓటుంది, వృత్తి లేదు. దక్షిణాన వృత్తి ఉంది, ఓటు లేదు. హక్కులనేవి మెట్ల వరసలా ఒకదాని మీదొకటి వస్తాయని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం గాని, చరిత్రలో అవి ఎప్పుడూ అలా రాలేదు.

ఇంతవరకు చదువుతున్నప్పుడు నేను వీళ్ళను మన తరఫువాళ్ళుగానే చూస్తూ వచ్చాను. 1902 దగ్గర ఆగాల్సి వచ్చింది. ఏడా పట్టా తీసుకున్న అదే సంవత్సరం ఆస్ట్రేలియా ఫెడరల్ పార్లమెంటు స్త్రీలకు ఓటు, పోటీ చేసే హక్కు ఇస్తూ చట్టం చేసింది. ప్రపంచంలోనే ముందడుగని దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చట్టంలో నాలుగో సెక్షను ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసులు, ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల స్థానికులు, న్యూజీలాండ్ వాళ్ళు తప్ప, ఓటరు జాబితాలోకి రాకూడదన్నది దాని సారం. అప్పటికే రాష్ట్రంలో ఓటున్న కొద్దిమందికే మినహాయింపు. ఆసియా స్థానికులు అంటే మనం. ఈడిత్ హేన్స్ వ్యక్తి కాదన్నారని బాధపడుతూ వచ్చిన నేను, ఆమెను వ్యక్తిని చేసిన చట్టాల జాబితాలో నా పేరు వెతుక్కుంటే మినహాయింపులో దొరికింది. 1922లో శ్రీనివాస శాస్త్రి ఆస్ట్రేలియా వచ్చి ఇక్కడ స్థిరపడ్డ భారతీయుల తరఫున మాట్లాడి వెళ్ళాడు. 1925లో బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాళ్ళకు ఫెడరల్ ఓటు ఇచ్చారు. ఈ నేల అసలు మనుషులకు, అంటే ఆదివాసులందరికీ, ఆ ఓటు రావడానికి 1962 దాకా పట్టింది.

‘వ్యక్తి’ అన్న ఈ మాట సామ్రాజ్యమంతా తిరిగింది. కార్నేలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో బి.సి.ఎల్. పరీక్ష రాసింది, పట్టా మాత్రం 1922లో ఇచ్చారు. 1916లో కలకత్తాలో రెజీనా గుహ ప్లీడరుగా నమోదు చెయ్యమని అడిగితే హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుని ప్లీడర్ల చట్టంలోని ‘వ్యక్తి’ స్త్రీ కాదని తేల్చారు. పాట్నాలో 1921లో సుధాంశుబాల హాజ్రా అడిగితే అక్కడా అంతే. 1923లో మన దేశంలో చట్టం మార్చారు. అదే ఏడు పశ్చిమ ఆస్ట్రేలియాలో కూడా మార్చారు. అక్కడ ఆ బిల్లు తెచ్చింది ఈడిత్ కోవాన్, 1921లో ఆస్ట్రేలియాలో ఏ చట్టసభకైనా ఎన్నికైన మొదటి స్త్రీ. పెర్త్, కలకత్తా, పాట్నా. ఎక్కడ చూసినా అదే తర్కం. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి 1940లలో మద్రాసులో లా చదివి ప్రాక్టీసు పెట్టేనాటికి ఆ తలుపు తెరిచి రెండు దశాబ్దాలే అయింది. ఆమె ధైర్యం గురించి మనం చాలా చెప్పుకుంటాం. ఆమె వెనక రెజీనా గుహ ఓడిపోయిన కేసు ఒకటి ఉందని చెప్పుకోం.

మిగతా కథ త్వరగానే చెప్పొచ్చు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1911లో చట్టం వచ్చి, 1917లో మేరీ కిట్సన్ లాయరయింది. కొన్నాళ్ళకి నోటరీ కావాలనుకుంటే, ఆ చట్టం లాయర్ల గురించే గాని నోటరీల గురించి చెప్పలేదని కోర్టు మళ్ళీ అడ్డుకుంది. ఇంకో చట్టం కావాల్సి వచ్చింది. ఒక్కో గది తలుపుకీ ఒక్కో తాళం. 1962లో రోమా మిచెల్ మొదటి మహిళా క్వీన్స్ కౌన్సెల్, 1965లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 1987లో మేరీ గాడ్రన్ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టులో. 2017లో సూసన్ కీఫెల్ ప్రధాన న్యాయమూర్తి. 2022లో ఆ కోర్టులో తొలిసారి ఏడుగురిలో నలుగురు స్త్రీలు. మా క్లాసులో కూడా సగానికి పైగా అమ్మాయిలే.

లోపలికి రావడం అయింది. లోపలున్నది ఏమిటన్న ప్రశ్నను ఎనభైలలో, తొంభైలలో ఇక్కడి స్త్రీవాద న్యాయ పండితులు గట్టిగా వేశారు. రెజ్ గ్రేకార్, జెన్నీ మోర్గాన్ కలిసి రాసిన ‘ద హిడెన్ జెండర్ ఆఫ్ లా’ 1990లో వచ్చింది. ఇంకా చాలా లా కోర్సుల్లో నిర్లక్ష్యం లెక్కకట్టడానికి ‘సహేతుకమైన మనిషి’ ఒకడుంటాడు. ఇంగ్లండులో అతను క్లాపమ్ బస్సెక్కుతాడు, సిడ్నీలో బాండై ట్రామెక్కుతాడు. ఆ ట్రాములో ఆడవాళ్ళ సీటు ఎక్కడుందని ఈ పండితులు అడిగారు. ఇది వట్టి సిద్ధాంత చర్చ కాదు. 1991లో హైకోర్టు, పెళ్ళి చేసుకున్నంత మాత్రాన భార్య శాశ్వతంగా సమ్మతి ఇచ్చినట్టు కాదని తేల్చింది. ఆ మరుసటి ఏడు, 1992లో, అడిలైడ్‌లో భర్త మీద అత్యాచార కేసు విచారిస్తున్న బోలెన్ అనే న్యాయమూర్తి జ్యూరీకి సూచనలిస్తూ, ఒప్పుకోని భార్యను ఒప్పించడానికి భర్త మామూలుకంటే కాస్త మొరటుగా ప్రవర్తిస్తే తప్పులేదన్న అర్థంలో మాట్లాడాడు. దేశమంతా అట్టుడికింది. ఆ సూచన తప్పని పై కోర్టు తర్వాత చెప్పింది. ఈ కేసు చదివిన రోజు పక్కనున్న జర్మన్ అమ్మాయి “మీ దేశంలో ఎలా?” అని అడిగింది. భార్య పద్దెనిమిదేళ్ళు దాటినదైతే భర్త చేసింది అత్యాచారం కాదన్న మినహాయింపు ఇంకా ఉంది, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త న్యాయ సంహితలో కూడా అలాగే ఉంచారు అని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా తోచింది.

సాహిత్య విద్యార్థినిగా నన్ను నిద్రపోనివ్వని కేసు ఇంకొకటి ఉంది. మర్రీ నది సముద్రంలో కలిసేచోట, గూల్వా అనే ఊరి పక్కన హింద్‌మార్ష్ దీవి. అక్కడి నారింజెరి ఆదివాసులు దాన్ని కుమరంగ్క్ అంటారు. తొంభైలలో దానికి వంతెన కట్టబోతే, ఆ నీటి చోటు స్త్రీలకు మాత్రమే తెలిసిన పవిత్ర జ్ఞానానికి సంబంధించినదని డోరీన్ కార్టిన్యేరి మొదలైన నారింజెరి స్త్రీలు అడ్డుచెప్పారు. ఆ జ్ఞానం ఏమిటో వాళ్ళు ఒక మహిళా మానవశాస్త్రవేత్తకు చెప్పారు. ఆమె రాసి, స్త్రీలు మాత్రమే చదవాలని గుర్తు పెట్టి కవర్లకు సీలు వేసింది. 1994లో కేంద్ర మంత్రి రాబర్ట్ టిక్నర్ వాటిని తాను తెరవకుండా ఒక మహిళా సలహాదారు చేత చదివించి, వంతెనను ఇరవై ఐదేళ్ళపాటు నిషేధించాడు. 1995లో ఫెడరల్ కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నిర్ణయం తీసుకునే మంత్రి తానే చదవాలి, చదవకపోతే నిర్ణయం చెల్లదు అని. అదే ఏడు ఆ కాగితాల ప్రతులు పొరపాటున ప్రతిపక్ష ఎంపీ ఒకాయన ఆఫీసుకు చేరాయి. ఆ వ్యవహారంలో ఆయన తన షాడో మంత్రి పదవి వదులుకున్నాడు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్, ఈ ‘స్త్రీల రహస్యం’ కల్పితమని తేల్చింది. కొందరు నారింజెరి స్త్రీలు కూడా తమకలాంటిది తెలియదన్నారు. కమిషన్‌కు నాయకత్వం వహించింది కూడా ఒక స్త్రీయే. అడ్డుచెప్పిన స్త్రీలలో ఎక్కువమంది ఆ కమిషన్ ముందు నోరు విప్పలేదు. 1997లో ఈ వంతెన కోసమే పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1998లో హైకోర్టు ఐదుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా దాన్ని నిలబెట్టింది. 2001 మార్చిలో వంతెన తెరిచారు. అదే ఏడు ఆగస్టులో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఫన్ డూసా, ఇంకో దావాలో, ఆ స్త్రీల మాట కల్పితమని తాను నమ్మలేనన్నాడు. అప్పటికి దాని మీద కార్లు తిరుగుతున్నాయి.

నేనీ కేసును ఎన్నిసార్లు చదివినా ఒక్కచోటే చిక్కుకుంటాను. చట్టం దృష్టిలో సాక్ష్యమంటే అందరూ చదవగలిగేది. ఆ స్త్రీల దృష్టిలో అది అందరూ చదివితే చచ్చిపోయే పాఠం. చెబితే పవిత్రత పోతుంది, చెప్పకపోతే అబద్ధమంటారు. మగవాళ్ళ ముందు పాడని మన పురిటి పాటలు, నలుగు పాటలు గుర్తొచ్చాయి. వాటిని సేకరించి, అచ్చేసి, సిద్ధాంత గ్రంథాలు రాసి డాక్టరేట్లు తెచ్చుకున్న తరం మాది. నేనూ రాశాను. మాకు పాడిన ముసలమ్మల్లో ఒకావిడ “ఇది మాత్రం రాసుకోకమ్మా” అంటే, ఆమె నిద్రపోయాక రాసుకున్నాను. అది నా థీసిస్‌లో ఉంది. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రెండో ఏడు నేను ఒక ఉచిత న్యాయసేవా కేంద్రంలో విద్యార్థినిగా పనిచేశాను. వివరాలు గుర్తుపట్టకుండా మార్చి చెబుతున్నాను. ఒక తెలుగమ్మాయి భర్త నుంచి రక్షణ ఉత్తర్వు కోసం వచ్చింది. భర్త విద్యార్థి వీసా మీద వచ్చాడు. ఆమె వీసా కాగితంలో ఆమె పేరు పక్కన ‘సెకండరీ అప్లికెంట్’ అని ఉంది. దరఖాస్తుదారుల్లోనూ రెండో రకం. నేను తెలుగుదాన్నే అయినా దుబాసీని కాను కాబట్టి, నియమం ప్రకారం ఫోనులో దుబాసీ ఉన్నారు. అమ్మాయి తల వంచుకుని “చెయ్యి చేసుకున్నాడు” అంది. అవతల నుంచి ఇంగ్లీషులో, “అతను తన చేతిని ఉపయోగించాడు” అని వచ్చింది. మా లాయరు కలం ఆగింది: దేనికి ఉపయోగించాడు?

అప్పుడు ఆ మాటను మొదటిసారి విన్నట్టు విన్నాను. చెయ్యి చేసుకోవడం. అందులో చెయ్యి ఉంది. దెబ్బ లేదు. దెబ్బ తిన్న మనిషి అసలే లేదు. అడిలైడ్ న్యాయమూర్తి ‘మొరటు’ని ఎత్తిచూపినవాళ్ళలో నేనూ ఉన్నాను గాని, అంతకంటే మెత్తని మాట మనింట్లోనే ఉందని ఆలోచించలేదు. “ఎక్కడ కొట్టాడు, దేంతో, ఎన్నిసార్లు?” అని అడగమని చెప్పాను. ఆమె “అక్కా, అవన్నీ రాయాలా?” అని నన్నే తెలుగులో అడిగింది. రాయాలి. చట్టానికి తారీకు కావాలి, క్రియ కావాలి, కర్త కావాలి, కర్మ కూడా కావాలి. కట్నం కోసం వేధించడాన్ని కుటుంబ హింసకు ఉదాహరణగా విక్టోరియా చట్టంలో 2018లో చేర్చారు, 2019 నుంచి అమల్లో ఉంది. 2016లో ఒక రాయల్ కమిషన్ చెప్పాక, ఇక్కడి భారతీయ స్త్రీలు ఏళ్ళ తరబడి తిరిగాక వచ్చిన మాట అది. ఆ అమ్మాయి పత్రంలో ఆ సెక్షను రాశాం. ఆమెకు ఉత్తర్వు వచ్చింది. వీసా సంగతి మాత్రం తేలలేదు. భాగస్వామి వీసా మీద వచ్చిన స్త్రీకి హింస కారణంగా విడిపోయినా ఇక్కడుండే దారి చట్టంలో ఉంది. విద్యార్థి వెంట వచ్చిన ఆమెకు ఆ దారి లేదు.

ఆ వారం ఫోనులో మా అత్తగారికి ఇవన్నీ చెబుతుంటే, ఆవిడ మధ్యలో ఆపి, “1985 చట్టం అంటే ఏమిటో చూడు” అన్నారు. చూశాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ సవరణ, 1986 నాటిది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చేశారు. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు. కేంద్రం దేశమంతటికీ అలాంటి చట్టం చెయ్యడానికి 2005 దాకా పట్టింది. మా క్లాసులో దీన్ని చెప్పి గొప్పలుపోయినదాన్నే. కానీ అందులో ఒక నిబంధన ఉంది: ఆ తారీకు నాటికి పెళ్ళయిపోయిన కూతుళ్ళకు ఇది వర్తించదు. మా అత్తగారి పెళ్ళి 1984 వైశాఖంలో జరిగింది. ఆవిడ చెల్లెలిది 1987లో. తండ్రి బతికుండగానే 1992లో పంపకాలు జరిగి రిజిస్టరయ్యాయి. చెల్లెలికి రెండెకరాలు వచ్చాయి, ఈవిడకి పట్టుచీర. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను 2005 చట్టం కదిలించదు.

“నా పేరు చట్టంలో రాయలేదా?” అన్నారు. రాశారత్తయ్యా, అదే ఇబ్బంది, అన్నాను. ఈడిత్ హేన్స్‌ను స్త్రీ అని విడిగా రాయలేదు కాబట్టి బయట పెట్టారు. మిమ్మల్ని ‘పెళ్ళయిన కూతురు’ అని విడిగా రాసి బయట పెట్టారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ కాగితం నాకు తెలుగులో రాసి పంపు. నేనే చదువుకుంటాను” అన్నారు.

నాలుగు రోజులుగా ఆ ఒక్క పేజీ తెలుగు చేస్తున్నాను. ‘కోపార్సెనర్’ దగ్గర ఆగిపోయాను. నిఘంటువులో ‘సమాంశభాగి’ అని ఉంది, ఆవిడకు అర్థం కాదు. ‘వాటాదారు’ అంటే కంపెనీ షేర్లలా ఉంటుంది. ఆవిడకు తెలిసిన మాట ‘దాయాది’. దానికి స్త్రీలింగం లేదు.